పుట్టినరోజు రాజుగారిది, తేదీ మనది

బ్రిటన్ రాజు చార్లెస్ పుట్టింది 1948 నవంబర్ 14న. కానీ ఆయన అధికారిక పుట్టినరోజు కవాతు జరిగేది జూన్‌లో. నవంబర్‌లో లండన్ వాతావరణాన్ని నమ్ముకోలేం కదా! ఇది ఆయనకంటే ముందు నుంచీ ఉన్న ఆనవాయితీయే. తమాషా ఏమిటంటే, ఆ పుట్టినరోజుకు బ్రిటన్‌లో సెలవు లేదు, ఆయన్నే రాజుగా ఉంచుకున్న ఆస్ట్రేలియాలో ఉంది. అక్కడైనా ఒక మాట మీద ఉన్నారా? చాలా రాష్ట్రాల్లో జూన్ రెండో సోమవారం, క్వీన్స్‌ల్యాండ్‌లో అక్టోబర్, వెస్టర్న్ ఆస్ట్రేలియాలో మామూలుగా సెప్టెంబర్ చివర. ఒక్క మనిషికి ఇన్ని పుట్టినరోజులు, అసలుది మాత్రం వాటిలో లేదు.

అమెరికా ఇంకో మెట్టు పైన. జార్జ్ వాషింగ్టన్ పుట్టినరోజు ఫిబ్రవరి 22. వీకెండ్‌కి కలిసొస్తుందని 1971 నుంచి సెలవును ఫిబ్రవరి మూడో సోమవారానికి మార్చారు. క్యాలెండర్ తీసి చూడండి, మూడో సోమవారం 15కీ 21కీ మధ్యే పడుతుంది. అంటే ఆయన పుట్టినరోజు సెలవు ఆయన పుట్టినరోజున చచ్చినా రాదు. పరుపుల మీద, కార్ల మీద డిస్కౌంట్లు మాత్రం టంచనుగా వస్తాయి.

ఇవన్నీ చెప్పి "పెద్దవాళ్లంటే గౌరవం లేకుండా పోయింది" అని వాపోయేవాళ్లున్నారు. నాకు వాళ్లతోనే పేచీ. పోనీ, ఉత్తర కొరియాలో ఏప్రిల్ 15న, ఆ దేశ వ్యవస్థాపకుడు కిమ్ ఇల్ సంగ్ పుట్టినరోజున, ఆయన విగ్రహాల ముందు వరసలో నిలబడి వంగి దండం పెట్టడం గౌరవమా? ఆ వరసలో నిలబడకుండా ఇంట్లో కూర్చునే వీలుంటే అప్పుడు మాట్లాడదాం.

నాకైతే నెదర్లాండ్స్ పద్ధతి నచ్చుతుంది. ఏప్రిల్ 27, రాజు విలెమ్ అలెగ్జాండర్ పుట్టినరోజు. ఊళ్లన్నీ నారింజ రంగే. పిల్లలు ఫుట్‌పాత్ మీద దుప్పటి పరిచి తాము ఆడి వదిలేసిన బొమ్మలు అమ్ముకుంటారు, ఆ ఒక్కరోజు లైసెన్సు గొడవ లేదు. అంతకుముందు రాణి బియాట్రిక్స్ జనవరి 31న పుట్టారు. ఆ చలిలో జనం బయటికేం వస్తారని, తల్లి పుట్టినరోజు ఏప్రిల్ 30నే పండగగా ఉంచేశారు. రాణిగారు సర్దుకున్నారు, జనం ఎండలో ఆడుకున్నారు. ఇందులో అగౌరవం ఎక్కడుంది?

జపాన్‌లో చక్రవర్తి మారితే సెలవూ మారుతుంది. 2019లో పాతాయన డిసెంబర్ 23 రద్దయింది, కొత్తాయన గద్దెనెక్కేసరికే ఫిబ్రవరి 23 దాటిపోయింది. ఆ ఏడు పుట్టినరోజు సెలవే లేదు!

ఇక టర్కీ. ఆ దేశపు తొలి అధ్యక్షుడు అతాతుర్క్ 1938 నవంబర్ 10న ఉదయం 9:05కి పోయారు. ఏటా ఆ నిమిషానికి సైరన్లు మోగుతాయి. నడిరోడ్డు మీద కార్లు ఆపి, తలుపు తీసుకుని దిగి, అక్కడే నిలబడిపోతారు. సైరన్ ఆగగానే మళ్లీ ఎక్కి ఆఫీసులకు పోతారు. ఆ రోజు వాళ్లకు సెలవు కాదు మరి.