జిరాక్స్ లైసెన్సు ఎంతవరకు?

ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలోని రామేశ్వరి ఫొటోకాపీ దుకాణంలో విద్యార్థులు కొనుక్కున్నవి పుస్తకాలు కావు. అధ్యాపకులు చెప్పిన పుస్తకాల్లోంచి కావలసిన అధ్యాయాలను మాత్రమే జిరాక్స్ తీసి, బైండింగ్ చేసిన కట్టలు. వీటినే కోర్సు ప్యాక్ అంటారు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్‌లు, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థ 2012లో ఈ కట్టలపై ఢిల్లీ హైకోర్టుకెక్కాయి. రచయితలు, ప్రచురణకర్తల తరఫున జిరాక్స్‌కు అనుమతులిచ్చే నకలు హక్కుల సంఘం లైసెన్సులు ఇస్తుండగా విశ్వవిద్యాలయం అది తీసుకోకుండా కాపీలు ఎలా తీయిస్తుందన్నది వాటి వాదన.

ఆ ప్రశ్నలోనే పొరపాటు ఉందని నా అభిప్రాయం. చట్టం వద్దన్న పనికే లైసెన్సు కావాలి. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్, బోధనలో భాగంగా ఉపాధ్యాయుడు గానీ విద్యార్థి గానీ తీసే నకలును ఉల్లంఘన కాదంటోంది. 2016 సెప్టెంబరులో సింగిల్ జడ్జి దావాను కొట్టేశారు. అదే ఏడాది డిసెంబరులో అప్పీలు విన్న డివిజన్ బెంచ్ (ఇద్దరు జడ్జిల ధర్మాసనం), బోధన అంటే తరగతి గదిలో గడిచే గంట మాత్రమే కాదని, ఇన్ని పేజీలని లెక్క కట్టలేమని, బోధనకు ఆ భాగం అవసరమా అన్నదే కొలమానమని తేల్చింది. అయితే ఆ కట్టల్లో చేర్చినదంతా నిజంగా అవసరమేనా, పుస్తకం మొత్తాన్నీ నకలు తీయవచ్చా అన్న అంశాలను విచారణకు తిప్పి పంపింది. 2017లో ప్రచురణకర్తలు దావా ఉపసంహరించుకోవడంతో ఆ విచారణ జరగనే లేదు. కాబట్టి ఈ తీర్పును చూపి పుస్తకాలకు పుస్తకాలే జిరాక్స్ తీసి అమ్ముకోవచ్చనుకోవడం తప్పు.

లైసెన్సు తీసుకున్నవారు గమనించాల్సింది ఇంకొకటుంది. ఏ సంఘమైనా తనకు అప్పగించిన హక్కులకే అనుమతి ఇవ్వగలదు. సొంత ఖర్చుతో పుస్తకం అచ్చువేసుకుని హక్కులను తన దగ్గరే ఉంచుకున్న తెలుగు రచయిత ఆ సంఘానికి ఏమీ రాసివ్వకపోతే, కాలేజీ గోడకు ఫ్రేము కట్టి తగిలించిన లైసెన్సు ఆయన పుస్తకానికి వర్తించదు. అలాగే కాగితం మీద నకలుకు ఇచ్చిన అనుమతితో స్కాన్ చేసిన పీడీఎఫ్‌ను వాట్సాప్ గ్రూపులో పెట్టడం కుదరదు. లైసెన్సు రాతపూర్వకంగా ఉండాలని చట్టమే చెబుతోంది. గడువు రాయకపోతే అయిదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని భావించాలి. రుసుము కట్టే ముందు కాలేజీ గ్రంథపాలకుడు ఆ పత్రంలో చూడాల్సినవి ఇవే: ఎవరి పుస్తకాలు, ఏ రూపంలో, ఎన్నాళ్లు. వీటితోపాటు, 52వ సెక్షన్ ఎప్పుడో ఉచితంగా ఇచ్చినదానికి మళ్లీ డబ్బు కడుతున్నామా అన్నది కూడా.