గెలిచినవాళ్ల పేరొక్కటే మిగిలితే చాలదు

పీటర్ ఓటూల్ ఆస్కార్ ఉత్తమ నటుడి విభాగంలో ఎనిమిదిసార్లు నామినేట్ అయ్యాడు, ఎనిమిదిసార్లూ వట్టి చేతులతోనే వెనక్కి వెళ్లాడు. నటనకు సంబంధించి ఆస్కార్ చరిత్రలో ఇదొక రికార్డు, తర్వాత గ్లెన్ క్లోజ్ కూడా ఎనిమిది దగ్గర వచ్చి ఆగింది. ఆయన్ని 'అత్యంత దురదృష్టవంతుడైన నటుడు' అని రాయడం అందరికీ అలవాటైపోయింది గానీ, నాకు మాత్రం ఆయన జాబితాను మించిన మంచి జాబితా ఇంకెవరిదీ కనిపించదు.

ఒకసారి వరసగా చూడండి. 1962లో 'లారెన్స్ ఆఫ్ అరేబియా'. ఆ ఏడాది గెలిచింది గ్రెగరీ పెక్. 1964లో 'బెకెట్', గెలిచింది రెక్స్ హారిసన్. 1968లో 'ది లయన్ ఇన్ వింటర్', 1969లో 'గుడ్‌బై మిస్టర్ చిప్స్', ఆ రెండుసార్లూ క్లిఫ్ రాబర్ట్‌సన్, జాన్ వేన్ పట్టుకెళ్లారు. 1972లో 'ది రూలింగ్ క్లాస్' చేస్తే ఎదురుగా 'గాడ్‌ఫాదర్' బ్రాండో, ఆయన గెలిచి కూడా అవార్డు వద్దన్నాడు. 1980లో 'ది స్టంట్ మ్యాన్' చేస్తే ఎదురుగా 'రేజింగ్ బుల్' డి నీరో. 1982లో 'మై ఫేవరెట్ ఇయర్' చేస్తే ఎదురుగా మన గాంధీ వేషంలో బెన్ కింగ్స్‌లీ. చివరికి 2006లో 'వీనస్', అప్పటికి ఓటూల్ వయసు డెబ్బై దాటింది, గెలిచింది ఫారెస్ట్ విటేకర్. మొదటి నామినేషన్‌కీ చివరిదానికీ మధ్య 44 ఏళ్లు. ఎడారిలో అరబ్బు దుస్తులేసుకున్న సైనికాధికారి, ఒకే ఇంగ్లండ్ రాజు హెన్రీ రెండుసార్లు రెండు వేర్వేరు వయసుల్లో, తానే దేవుణ్ణని నమ్మే పిచ్చి జమీందారు, తాగుబోతు సినిమా హీరో, చావుకి దగ్గరైన ముసలి నటుడు. ఇంత విస్తృతమైన కెరీర్ ఒక్క 'నామినేటెడ్' అనే వరసలో పదిలంగా ఉంది. 'విజేత' అనే వరసే ఉండి ఉంటే పోటీ పడిన ఆస్కార్లలో ఓటూల్ అనేవాడు ఒకడున్నాడని కూడా తెలిసేది కాదు.

నేను చెప్పాలనుకున్నది ఇదే. అవార్డు ఒక సాయంత్రానికి సంబంధించింది, నామినేషన్లే కెరీర్‌కి సంబంధించినవి. ఒక నటుడి గురించి పాతికేళ్ల తర్వాత తెలుసుకోవాలనుకునేవాడికి పనికొచ్చేది రెండోదే. మన దగ్గర ప్రభుత్వాలిచ్చే అవార్డుల్లో ఆ రెండోదే లేదు.

ఆస్కార్‌లో నామినేషన్ ఎలా వస్తుందో తెలిస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. నటన విభాగాల్లో నామినేషన్లకు ఓటేసేది అకాడమీలోని నటుల శాఖ మాత్రమే. ఆ ఏడాది ఎవరు బాగా చేశారో సాటి నటులు తేలుస్తారు. ఆ తర్వాత విజేతను ఎంచుకునేటప్పుడు మాత్రం కెమెరామెన్లు, ఎడిటర్లు, నిర్మాతలు, పబ్లిసిటీ వాళ్లు అందరూ ఓటేస్తారు. అక్కడికొచ్చేసరికి సినిమా ఎంత ఆడింది, ఆ నటుడి మీద ఎంత సానుభూతి ఉంది, పోయినసారి ఎవరికి అన్యాయం జరిగింది, స్టూడియో ప్రచారానికి ఎంత ఖర్చు పెట్టింది, ఇవన్నీ వచ్చి కలుస్తాయి. ఓటూల్‌ని ఎనిమిదిసార్లు ఎన్నుకున్నది నటులే. నటనలో ఎక్కడ కష్టముందో చూసి పట్టుకోగలిగినవాళ్లు ఎనిమిదిసార్లు 'ఈ మనిషి మాలో పై వరసలోవాడు' అని చెప్పారంటే అది చిన్న మాట కాదు.

2003లో ఆయనకు గౌరవ ఆస్కార్ ఇస్తామంటే మొదట ఆయన ఒప్పుకోలేదు. నేనింకా ఆటలోనే ఉన్నాను, గెలిచే అవకాశం ఉంది, ఎనభై ఏళ్లు వచ్చేదాకా ఆగండి అన్న అర్థం వచ్చేలా లేఖ రాశాడు. తర్వాత వెళ్లి తీసుకున్నాడు, అందించింది మెరిల్ స్ట్రీప్. అక్కడితో కథ అయిపోయిందనుకున్నవాళ్లకి మూడేళ్ల తర్వాత 'వీనస్'తో ఎనిమిదో నామినేషన్ తెచ్చి చూపించాడు. ఆ లేఖలో ఉన్నది అహంకారమని నేననుకోను, తన పని ఇంకా అయిపోలేదని నటుడికి ఉండే నమ్మకం అది.

మెరిల్ స్ట్రీప్ జాబితా దీనికి పూర్తిగా ఎదురు, కానీ చెప్పేది అదే. ఇరవై ఒక్క నామినేషన్లు, మూడు విజయాలు. రెండో ఆస్కార్ 1982 సినిమాకి, మూడోది 2011 సినిమాకి. విజయాలు మాత్రమే లెక్కేస్తే ఆ ఇరవై తొమ్మిదేళ్లూ ఆవిడ ఏం చేసిందో తెలియదు, ఏదో మధ్యలో కనుమరుగై మళ్లీ వచ్చిందనుకుంటాం. నిజానికి ఆ మధ్యలో పన్నెండుసార్లు నామినేట్ అయింది! నామినేట్ అయి ఓడిన ఆ పన్నెండు సినిమాల్లోనే ఆవిడ వయసు పెరగడం, పాత్రలు మారడం, కామెడీలోకి రావడం అంతా కనిపిస్తుంది.

ఇప్పుడు మన దగ్గరికి రండి. 1983లో కమల్ హాసన్ 'సాగర సంగమం' చేశాడు. ఆ సినిమాకి జాతీయ అవార్డుల్లో ఇళయరాజాకి సంగీతం, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి గానం వచ్చాయి. ఉత్తమ నటుడు మాత్రం 'అర్ధ్ సత్య'కి ఓం పురి. తప్పేమీ లేదు, ఓం పురి చేసింది మామూలు నటన కాదు. కానీ ఆ ఏడాది జ్యూరీ ముందు కమల్ పేరు చివరిదాకా ఉందా, రెండో స్థానంలో ఉందా, అసలు చర్చకే రాలేదా? మనకు తెలియదు, తెలిసే దారీ లేదు. జాతీయ అవార్డుల్లో నామినేషన్లు ప్రకటించరు. ఒక పేరు చదువుతారు, మిగతావన్నీ ఆ గదిలోనే ఉండిపోతాయి.

1986 ఇంకా చిత్రమైన ఏడాది. కమల్ 'స్వాతిముత్యం' జాతీయ స్థాయిలో ఉత్తమ తెలుగు చిత్రమైంది, ఆస్కార్‌కి మన దేశం తరఫున వెళ్లింది. ఆ ఏడాది జాతీయ ఉత్తమ నటుడు చారుహాసన్, కన్నడ సినిమా 'తబరన కథె'కి. చారుహాసన్ ఎవరో కాదు, కమల్‌కి సొంత అన్నయ్య. అన్నదమ్ములిద్దరూ ఒకే ఏడాది ఒకే అవార్డుకి ఎదురెదురుగా నిలబడ్డారా? నామినేషన్ల పద్ధతి ఉంటే భారతీయ సినిమా చరిత్రలో అందరూ చెప్పుకునే ముచ్చటయ్యేది. ఇప్పుడది ఊహ. కమల్ జాతీయ ఉత్తమ నటుడి అవార్డులు మూడూ తమిళ సినిమాలకే: 'మూండ్రాం పిరై', 'నాయకన్', 'ఇండియన్'. జాబితా చూసి ఆయన్ని అర్థం చేసుకోవాలనుకునే కొత్త కుర్రాడికి 'సాగర సంగమం'లో బావి గట్టు మీద తూలుతూ డాన్స్ చేసిన బాలు, 'స్వాతిముత్యం'లో అమాయకుడైన శివయ్య కనిపించరు. 'సాగర సంగమం'కి రాష్ట్రంలో నంది వచ్చింది, అది మన రాష్ట్ర లెక్క. దేశం లెక్కలో మాత్రం ఖాళీ.

తెలుగు నటుల గురించి ఇంకో మాట తరచూ వింటాం. 2023లో అల్లు అర్జున్‌కి 'పుష్ప'కి జాతీయ ఉత్తమ నటుడి అవార్డు ప్రకటించగానే 'అరవై తొమ్మిదేళ్లలో ఒక తెలుగు హీరోకి ఇదే మొదటిసారి' అని హెడ్డింగులు పెట్టారు. మొదటిసారి అన్నది నిజమే, సంతోషమే. అరవై తొమ్మిదేళ్ల లెక్క మాత్రం సరైంది కాదు. జాతీయ అవార్డుల్లో నటులకు అవార్డు మొదలైందే 1967 సినిమాల నుంచి, అంటే పదిహేనో విడత నుంచి. మొదటి విజేతలు ఉత్తమ్ కుమార్, నర్గీస్. అప్పటికి 'దేవదాసు' వచ్చి పద్నాలుగేళ్లు, 'మాయాబజార్' వచ్చి పదేళ్లు. అక్కినేని, ఎన్టీఆర్, ఎస్వీఆర్, సావిత్రి చేసిన గొప్ప పనిలో చాలా భాగం అసలు ఆ అవార్డే పుట్టకముందు అయిపోయింది. అక్కడ నామినేషన్లు ఉన్నా లాభం లేదు, నిజమే. కానీ జాబితాని కళ్లు మూసుకుని నమ్మితే ఏమవుతుందో చూడండి: సావిత్రి వేషం వేసిన కీర్తి సురేష్ జాతీయ ఉత్తమ నటి జాబితాలో ఉంది, సావిత్రి లేదు. కీర్తి బాగా చేసింది, ఆ అవార్డుకి అర్హురాలే. రేపు ఎవరైనా ఆ జాబితా ఒక్కటే పట్టుకుని తెలుగు నటన చరిత్ర రాస్తే మాత్రం అసలు మనిషి మాయమై ఆవిడ పాత్ర మిగులుతుంది.

ఎస్వీ రంగారావుది ఇంకా బాధ. 'నర్తనశాల'లో కీచకుడికి జకార్తాలో జరిగిన ఆఫ్రో ఏషియన్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడన్నారు. బయటివాళ్లు ఒక విలన్ పాత్రని, అదీ పౌరాణికంలో చేసినదాన్ని చూసి గుర్తుపట్టారు. 1967 తర్వాత కూడా ఆయన ఏడేళ్లు బతికే ఉన్నాడు, పని చేస్తూనే ఉన్నాడు. ఆ ఏడేళ్లలో జాతీయ జ్యూరీల్లో ఒక్కరైనా ఆయన పేరెత్తారో లేదో ఏ కాగితం మీదా మనకు దొరకదు. సహాయ నటుడికి విడిగా జాతీయ అవార్డు అప్పటికి లేదు, అది వచ్చింది 1984 సినిమాల నుంచి. ఇంత పెద్ద నటుడి అవార్డుల పేజీ తెరిస్తే ఒక విదేశీ పండుగ తప్ప పెద్దగా ఏమీ ఉండదు. తెలియనివాడు దాన్ని చూసి ఏమనుకుంటాడు?

శారద జాబితా దగ్గర కాసేపు ఆగాలి. తెనాలి అమ్మాయి. మూడుసార్లు జాతీయ ఉత్తమ నటి. అప్పట్లో ఆ అవార్డుకి ఊర్వశి అని పేరు కాబట్టే ఊర్వశి శారద అయింది. మొదటిది 1968లో మలయాళం 'తులాభారం', రెండోది 1972లో అదూర్ గోపాలకృష్ణన్ 'స్వయంవరం', మూడోది 'నిమజ్జనం', ఇదొక్కటే తెలుగు. పొట్టకూటికి లేక పిల్లలకు విషం పెట్టే తల్లిగా 'తులాభారం'లో ఏ పాత్ర చేసిందో, అదే పాత్రను తెలుగులో 'మనుషులు మారాలి'లో మళ్లీ చేసింది. తెలుగు ప్రేక్షకులకు శారద అంటే ఏడిపించే శారద అయింది అక్కడి నుంచే. అవార్డు పట్టికలో ఉన్నది మలయాళం పేరు మాత్రమే. అంటే ఒకే నటి ఒకే పాత్రని రెండు భాషల్లో చేస్తే ఒకటి చరిత్ర, ఇంకొకటి మన జ్ఞాపకం. ఆ జ్ఞాపకం ఉన్న తరం తగ్గిపోతోంది.

నామినేషన్లు కూడా కొనుక్కోవచ్చు కదా, హాలీవుడ్‌లో ఆస్కార్ ప్రచారానికి స్టూడియోలు డబ్బు కుమ్మరిస్తాయి కదా అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. 1968లో ఓటూల్ మీద గెలిచిన క్లిఫ్ రాబర్ట్‌సన్ విషయంలోనే పత్రికా ప్రకటనల ప్రచారం మీద అప్పట్లో విమర్శలొచ్చాయి. మన దగ్గర టీవీ చానెళ్లు, ప్రైవేటు సంస్థలు చేసే అవార్డుల ఫంక్షన్లలో ఫలానా హీరో వస్తానంటేనే ఆ విభాగం ఉంటుందన్న అనుమానం జనానికి ఎప్పటినుంచో ఉంది. అవన్నీ ఒప్పుకుంటాను. అయినా ఐదు పేర్లు బయటపెట్టినప్పుడు మోసం చేయడం కష్టం, ఒక పేరు బయటపెట్టినప్పుడు తేలిక. ఐదు పేర్లలో ఎవరు లేరో జనం వెంటనే అడుగుతారు, పోట్లాడతారు, ఆ పోట్లాట రికార్డవుతుంది. ఒకే పేరు ప్రకటిస్తే 'మిగతావాళ్లని చూశారా' అనే ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన అవసరమే జ్యూరీకి ఉండదు. 2017 నవంబరులో మూడేళ్ల నందులు ఒకేసారి ప్రకటించినప్పుడు జరిగిన గొడవ గుర్తుంది కదా, అందులో సగం కోపం ఫలితం మీద కాదు, ఎలా తేల్చారో ఎవరికీ తెలియకపోవడం మీద.

ఆ తర్వాత నందులే ఆగిపోయాయి. 2025లో తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరుతో అవార్డులు మొదలుపెట్టడం మంచి పని. 2024 సినిమాలకు అన్ని విభాగాల్లో ఇచ్చారు, 2014 నుంచి 2023 వరకు మాత్రం ఏడాదికిన్ని ఉత్తమ చిత్రాలని ఎంచి సరిపెట్టారు. అంటే నందులు ఆగిన 2017 నుంచి 2023 దాకా ఏడేళ్లపాటు తెలుగులో నటించిన ఎవరికీ రాష్ట్రస్థాయిలో ప్రభుత్వ నటన అవార్డు లేదు. ఆ ఏడేళ్లలో వచ్చిన కొత్త నటులు, క్యారెక్టర్ ఆర్టిస్టులు, ఒక్క సినిమాలో మెరిసి మళ్లీ అవకాశం రాని అమ్మాయిలు ఎంతమంది ఉంటారో లెక్కేసుకోండి. స్టార్‌కి అవార్డు లేకపోయినా కటౌట్ ఉంటుంది, అభిమానులుంటారు, యూట్యూబ్‌లో క్లిప్పులుంటాయి. రెండు సీన్లలో మొత్తం సినిమాని నిలబెట్టిన నటుడికి ఆ కాగితమే ఆధారం. వాళ్లకి అవార్డు రాకపోయినా పర్లేదు, 'ఆ ఏడాది చివరి ఐదుగురిలో వీళ్లున్నారు' అనే ఒక్క వాక్యం వాళ్ల తర్వాతి సినిమాకి పనికొస్తుంది, రెమ్యునరేషన్ మాట్లాడుకునేటప్పుడు పనికొస్తుంది.

దీనికి కొత్తగా డబ్బేమీ ఖర్చు కాదు. జాతీయ అవార్డుల్లో ఇప్పటికే రెండు దశలున్నాయి. ప్రాంతీయ ప్యానెళ్లు ముందు చూసి కొన్నింటిని కేంద్ర జ్యూరీకి పంపుతాయి, కేంద్ర జ్యూరీ ఆఖరి మాట చెబుతుంది. అంటే వడపోత జరుగుతోంది, పేర్లు ఎక్కడో ఒకచోట రాసే ఉంటాయి. విజేతల్ని ప్రకటించిన రోజే, కావాలంటే నెల తర్వాతైనా, ఒక్కో నటన విభాగంలో చివరిదాకా పరిశీలించిన ఐదుగురి పేర్లు, వాళ్ల సినిమాల పేర్లు ఒక పేజీలో పెడితే చాలు. ఎవరికి ఎన్ని ఓట్లో చెప్పక్కర్లేదు, ఆస్కార్ వాళ్లూ చెప్పరు. గద్దర్ అవార్డులకు మొదటి ఏడాదే వెయ్యికి పైగా దరఖాస్తులొచ్చాయి, జయసుధ లాంటి అనుభవమున్న నటి జ్యూరీకి నాయకత్వం వహించింది, ఆ వెయ్యిలోంచి విజేత దాకా వచ్చే దారిలో ఏదో ఒక చిన్న జాబితా తయారయ్యే ఉంటుంది. వచ్చే విడత నుంచి ఆ జాబితాని ప్రకటించాలి. ఆంధ్రప్రదేశ్ నందుల్ని మళ్లీ మొదలుపెట్టేటప్పుడు కూడా నిబంధనల్లో ఈ ఒక్క లైను రాసుకోవాలి. పాత జాతీయ అవార్డుల, నందుల జ్యూరీ ఫైళ్లు ఏ కార్యాలయంలోనైనా ఇంకా మిగిలి ఉంటే వాటిని స్కాన్ చేసి బయటపెట్టాలి, ముందుగా జాతీయ అవార్డుల్లో 1983దీ 1986దీ.