లైవ్ లింక్ ఉందా బాబూ?

విశాఖలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వెళ్తే ఈమధ్య డిగ్రీ అడగరు, ఎన్నేళ్లుగా పని చేస్తున్నావనీ అడగరు. పాత ప్రాజెక్టుల లైవ్ లింకులు పంపమంటారు, అంతే. అంటే ఎప్పుడో ఎవరికో చేసిచ్చిన వెబ్ అప్లికేషన్ ఈరోజుకీ పిల్లాపాపలతో చల్లగా ఉండాలన్నమాట. ఇల్లు కట్టిన మేస్త్రీని పట్టుకుని, ఆ ఇంట్లోవాళ్లు కరెంటు బిల్లు కడుతున్నట్టు చూపిస్తేనే నీకు పని అన్న మహానుభావుణ్ణి నేనైతే ఇంతవరకు చూళ్లేదు.

మొన్న రుషికొండ ఐటీ హిల్స్‌లో ఒక కంపెనీకి వెళ్లాను. ఏసీ గది, ముగ్గురు పెద్దలు, గోడకు టీవీ, అందులో నా రెజ్యూమె. మొదటి లింక్ నొక్కారు. డాబాగార్డెన్స్‌లో ఒక చీరల షాపుకి చేసిన ఆర్డర్ల సైటు అది. బ్యాలెన్స్ సంక్రాంతికి ఇస్తానన్నాడు షాపాయన, ఏ సంక్రాంతికో చెప్పలేదు. డొమైన్ రెన్యువల్‌కి నాలుగు డబ్బులు కట్టడానికీ ఆయనకి చేతులు రాలేదు, ఆ పేరు ఇంకెవరో కొనేసుకున్నారు, దాంతో టీవీ నిండా పేకముక్కలు, రమ్మీ ఆడండి బోనస్ పొందండి అని. హెచ్చార్ మేడం కళ్లజోడు సవరించుకుని "గేమింగ్‌లో కూడా ఎక్స్‌పీరియన్స్ ఉందాండీ?" అన్నారు. రాసుకున్నారు కూడా.

రెండోది ఫ్లాష్‌లో చేసింది, ఒకప్పుడు వెబ్ పేజీల్లో బొమ్మలు కదిలించిన సాఫ్ట్‌వేర్ అది. ఫ్లాష్ ప్లేయర్‌కి 2020 డిసెంబర్ 31తో అడోబీయే మంగళం పాడేసింది. మూడోది ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాం, యాడ్-ఆన్ అంటారు, 2017 నవంబర్‌లో ఫైర్‌ఫాక్స్ 57వ వెర్షన్ వచ్చి పాత పద్ధతి యాడ్-ఆన్లన్నిటినీ గంపగుత్తగా ఊడ్చేసినప్పుడు అదీ పోయింది. మధ్యలో కూర్చున్న పెద్దాయన నా వైపు జాలిగా చూసి "ఏటి బాబూ, నువ్వు ముట్టుకున్నదేదీ బతకలేదేటి?" అన్నారు.

బతికింది ఒకటుందండీ. వర్డ్‌ప్రెస్‌తో కట్టిన సైట్లకి తగిలించుకుని రెజ్యూమెలు అప్‌లోడ్ చేయించుకునే ప్లగిన్, ఉచితం. వాళ్ల కెరీర్స్ పేజీ సోర్స్, అంటే దాని వెనకున్న కోడ్, తెరిచి చూడమన్నాను. డబ్ల్యూపీ-కంటెంట్, దాని కింద ప్లగిన్స్, దాని కింద నా ఫోల్డర్ పేరు. నేను ఉద్యోగానికి అప్లై చేసింది నా ప్లగిన్‌లోనే! గదిలో కాసేపు ఏసీ చప్పుడు. తర్వాత పెద్దాయన "ఓహో, ఫ్రీదా, అయితే అది ప్రాజెక్టు కింద రాదు కదా" అన్నారు.

ఎందుకు రాదయ్యా? రాత్రుళ్లు నిద్ర మానుకుని రాసింది నేను, వర్డ్‌ప్రెస్ మారినప్పుడల్లా, దాన్ని రాసిన పీహెచ్‌పీ భాష మారినప్పుడల్లా పడుతూ లేస్తూ సరిచేసింది నేను, రూపాయి ఇవ్వకుండా దానిమీద కంపెనీ నడుపుకుంటున్నది మీరు, లెక్కలోకి రానిది నా పనా? 2016 మార్చిలో లెఫ్ట్-ప్యాడ్ అని పదకొండు లైన్ల కోడ్‌ని, రాసినాయన కోపమొచ్చి ఎన్‌పీఎం నుంచి, అంటే ప్రోగ్రామర్లు జావాస్క్రిప్ట్ కోడ్ పంచుకునే గోదాం నుంచి, తీసేస్తే దానిమీద ఆధారపడ్డ ఎంతెంత ప్రాజెక్టులో తయారవకుండా ఠపాఠపా ఆగిపోయాయి. గంటల్లోనే దాన్ని మళ్లీ ఎక్కించుకున్నారు. ఆయనకి కోపం ఎందుకొచ్చిందో మాత్రం తీరిగ్గా తర్వాత మాట్లాడుకున్నారు. కోడ్ కావాలి, రాసినవాడు అక్కర్లేదు, సిగ్గుండాలి!

ఉద్యోగం సంగతి హోల్డ్‌లో పెట్టారు. వారం తిరక్కుండానే ఆ కంపెనీ నుంచే ప్లగిన్‌కి ఫిర్యాదొచ్చింది, అర్జెంట్ అట. రెజ్యూమె 2 ఎంబీ దాటితే అప్‌లోడ్ అవడం లేదట. అది వాళ్ల సర్వర్‌లో ఎవరూ ముట్టుకోని పీహెచ్‌పీ డిఫాల్ట్ సెట్టింగ్, నా ప్లగిన్‌కి సంబంధమే లేదు. కింద రేటింగ్ ఒక స్టార్ ఇచ్చి, "డెవలపర్ రెస్పాన్సిబుల్‌గా లేడు" అని రాశారు.