గాలి లేదు సరే, స్వెల్ మాటేమిటి?

గాలి గంటకు 15 కిలోమీటర్లు దాటలేదు కాబట్టి సముద్రంలోకి బోట్లు కదలొచ్చని అనుమతులు ఇచ్చేస్తున్నారు. నిన్న వెళ్ళినవాళ్ళు క్షేమంగా వచ్చారుగా అన్నది దానికి తోడు చెబుతున్న సాక్ష్యం. మా భయం ఈ రెండో మాట గురించే. ఒకనాటి అదృష్టం మర్నాటికి ఆనవాయితీ అవుతోంది, నెల తిరిగేసరికి నిబంధనై కూర్చుంటోంది.

గాలి చెప్పేది దగ్గరి సముద్రం సంగతి. స్వెల్ అంటే దూరం నుంచి వచ్చే పొడవాటి అలల వరుస. అది ఎక్కడో వేల కిలోమీటర్ల అవతలి తుఫానులో పుట్టి, రోజుకు వెయ్యి కిలోమీటర్ల చొప్పున నడిచి, ఇక్కడ ఆకు కూడా కదలని పూట ఒడ్డును కొడుతుంది. కేరళ జాలర్లు దీన్నే కల్లక్కడల్, అంటే దొంగ సముద్రం అంటారు. దీని ఎత్తు ఒక్కటే చూస్తే మోసపోతాం. అలకూ అలకూ మధ్య ఎన్ని సెకన్లో చూడాలి. లోతైన నీటిలో 8 సెకన్ల అల పొడవు 100 మీటర్లయితే, 16 సెకన్లది 400 మీటర్లు. అంత పొడవు అల నడిసముద్రంలో పడవ కిందనుంచి జారిపోయినా తెలియదు. మొగలో, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, ఇసుక మేట మీదికి వచ్చేసరికి అడుగు తగిలి, వేగం తగ్గి, నిలువునా లేస్తుంది. పైగా వాతావరణ బులెటిన్‌లో ‘అలల ఎత్తు 1.5 మీటర్లు’ అంటే గరిష్ఠం కాదు, మొత్తం అలల్లో అన్నిటికంటే పెద్దవైన మూడో వంతు అలల సగటు. వాటి నడుమ 3 మీటర్లది ఒకటి రావచ్చు. ఈ ముక్క బోటు నడిపే సరంగులకు విడమర్చి చెబుతున్నదెవరు?

ఇక ఆటు, అంటే పోటు తరవాత నీరు వెనక్కి దిగే వేళ. ఆరు గంటల్లో దిగే నీటిని పన్నెండు వంతులు చేస్తే గంటగంటకూ సుమారుగా 1, 2, 3, 3, 2, 1 వంతులు పోతుంది. అంటే సగం నీరు నడిమి రెండు గంటల్లోనే. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులు ఆ ఉరవడి మరీ ఎక్కువ. బయటికి దూకే ఆ ప్రవాహానికి ఎదురొచ్చిన స్వెల్ కుదించుకుపోయి గోడలా లేచి విరుగుతుంది. పొద్దున పోటు చివరి గంటలో సునాయాసంగా మొగ దాటిన పడవే మధ్యాహ్నం నడి ఆటులో తిరిగొస్తే, వెనక అల తోసిన తోపుకు ముక్కు నీళ్ళలో గుచ్చుకుని, చుక్కాని పట్టు తప్పి, అడ్డం తిరిగి బోల్తా కొడుతుంది. నిన్న వెళ్ళొచ్చారన్న వాదన కూలేది ఇక్కడే. నిన్నటి ఆటు వేళ ఇవాళ ఉండదు, దాదాపు 50 నిమిషాలు జరుగుతుంది.

బోటు ఆగితే పొయ్యి వెలగదన్నది నిజమే. మేము ఆపమనడం లేదు, వేళ చూసి పంపమంటున్నాం.

అనుమతి కాగితం మీద గాలి పక్కన మరో మూడు గడులు గీయండి: స్వెల్ ఎత్తు, సెకన్లు, తిరిగొచ్చే వేళకు మొగలో ఆటో పోటో. ఆ మూడూ నింపలేని చేతికి సంతకం పెట్టే హక్కు లేదు.