డైరెక్టర్ని తిట్టే హక్కు

నేను నాస్కార్ అనే అమెరికా కార్ల రేసులు ఇష్టపడి చూడటం మొదలుపెట్టలేదు. నార్త్ కరొలైనాలో షార్లెట్ దగ్గర ఇల్లు కొంటే ఆ వ్యసనం ఇంటితోపాటే వస్తుంది. పెద్ద టీముల షెడ్లు చాలావరకు కాంకర్డ్, మూర్స్‌విల్ లాంటి ఊళ్లలో మా చుట్టూనే ఉన్నాయి. సోమవారం పొద్దున పక్కింటాయనతో రెండు ముక్కలు మాట్లాడాలంటే ఆదివారం రేసు చూసి ఉండాలి. అలా చూడగా చూడగా నాకు ముందుగా వంటబట్టిన విద్య టీవీ డైరెక్టర్ని తిట్టడం.

అది ఎంత ఆరోగ్యకరమైన అలవాటో ఇప్పుడు తెలుస్తోంది. ట్రాక్ మీద దాదాపు నలభై కార్లు, ఇంట్లో ఒకటే తెర. మనవాడు పన్నెండో స్థానం కోసం ప్రాణం పెట్టి పోరాడుతుంటే, డైరెక్టరు అందరికన్నా ముందు ఒంటరిగా పోతున్న కారుని చూపిస్తూ కూర్చుంటాడు. తీరా మనవాడు దాటే క్షణానికి తెర మీద పిజ్జా ప్రకటన. ఇల్లంతా ఒక్క గొంతుతో తిట్టేవాళ్లం. మా ఇంట్లో అందరం ఏకాభిప్రాయానికి వచ్చిన విషయం అదొక్కటే.

ఇప్పుడు ఆ ఐకమత్యాన్ని చెడగొట్టేశారు. ప్రతి కారులోనూ కెమెరా పెట్టి, ఎవరి డ్రైవర్ని వాళ్లు ఆన్‌లైన్‌లో చూసుకోండి అన్నారు. అంటే డైరెక్టరు కుర్చీలో మనల్నే కూర్చోబెట్టారు. ఇక తిట్టాలంటే అద్దం ముందు నిలబడాలి.

మొదటి ఆదివారం మా బావమరిది వచ్చి హాల్లో కంట్రోల్ రూము పెట్టాడు. గోడకి టీవీ, టీపాయ్ మీద ల్యాప్‌టాప్, చేతిలో ఫోను. రేసు మొదలైన పది నిమిషాలకే అసలు సంగతి బయటపడింది. ఈ మూడూ ఒకే కాలంలో లేవు. ఫోనులో రేడియో అందరికన్నా ముందు, దాని వెనక టీవీ, అందరికన్నా చివర ఇంటర్నెట్ కెమెరా. కాస్త నెట్ నీరసిస్తే అర నిమిషం తేడా. అర నిమిషమేగా అనుకోకండి. గంటకి 190 మైళ్ల వేగంతో పోయే కారు ఆలోపు మైలున్నర దాటుతుంది. డేటోనా ట్రాక్ మొత్తం పొడవే రెండున్నర మైళ్లు.

"బావా, మనవాడు గోడకి కొట్టేశాడు!" అని ఫోను చెవి దగ్గర పెట్టుకుని వాడు అరిచాడు. టీవీలో మనవాడు అప్పుడే మలుపు తిరుగుతున్నాడు. చూస్తుండగానే అక్కడా కొట్టేశాడు. ల్యాప్‌టాప్‌లో మాత్రం ఇంకా హాయిగా, స్టీరింగ్ మీద చెయ్యేసుకుని, రాబోయే గండం తెలియని అమాయకుడిలా నడుపుతున్నాడు. భూత భవిష్యత్ వర్తమానాలు చూడటానికి మన ఋషులు ఏళ్ల తరబడి తపస్సు చేశారు. మాకు నెలవారీ చందాతో పని అయిపోయింది. ఫలితం మాత్రం వాళ్లదే: అంతా తెలుసు, ఏమీ చెయ్యలేం. మా ఆవిడ మనసు ఊరుకోక, "ఎవరైనా ఆ అబ్బాయికి చెప్పండ్రా" అంది.

ప్రకటనల బెడద తప్పుతుందనుకున్నవాళ్లకి ఇంకో మాట. టీవీలో ప్రకటన రాగానే కారులో కెమెరాకి మారాం. బానెట్ మీద స్పాన్సరు పేరు. డ్రైవరు సూటు మీద అదే పేరు. డ్యాష్‌బోర్డు మీద కెమెరాకి సరిగ్గా కనబడేలా మళ్లీ అదే. ప్రకటన చూడలేక పారిపోయి వస్తే, ప్రకటన లోపలే కూర్చోబెట్టి సీటు బెల్టు పెట్టారు.

న్యాయంగా చెప్పాలంటే ఆ కెమెరాతోపాటు వినబడే స్పాటర్ గొంతు నాకు నచ్చింది. ట్రాక్ పక్కన ఎత్తున నిలబడి, పక్కనున్నవి కనబడని డ్రైవరుకి రేడియోలో దారి చెప్పే మనిషి ఈ స్పాటర్. "పక్కనే ఉన్నాడు, ఇంకా ఉన్నాడు, ఇంకా ఉన్నాడు, పోయాడు." లారీ వెనక నిలబడి "రానీ, రానీ" అని బండి మీద చరిచే మన క్లీనరు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. మిగతా మూడు గంటలూ కనబడేది మాత్రం ముందు కారు వెనక బంపరు. ముప్ఫయ్యారో స్థానంలో ఉన్నవాణ్ణి ఎంచుకున్నారా, ముప్ఫయ్యయిదోవాడి బంపరు.

1979 ఫిబ్రవరిలో నాస్కార్‌లో అన్నిటికన్నా పేరున్న రేసు డేటోనా 500ని సీబీఎస్ టీవీ మొదటిసారి ఆద్యంతం ప్రత్యక్షంగా చూపించింది. తూర్పు రాష్ట్రాల్లో మంచు కురిసి జనం ఇళ్లలోనే ఉండిపోయారు. చివరి ల్యాపులో ముందున్న కేల్ యార్‌బరో, డానీ అలిసన్ ఒకరినొకరు గుద్దుకుని గోడకి కొట్టారు, వెనకెక్కడో ఉన్న రిచర్డ్ పెటీ గెలిచాడు. ఆపైన డానీ వాళ్ల అన్నయ్య బాబీ కూడా చేరి ట్రాక్ లోపలి గడ్డిలో బాహాబాహీ. నాస్కార్ దేశమంతటా ఇంటింటికీ చేరడానికి ఆ కొట్లాట పెద్ద కారణమని ఇప్పటికీ చెప్పుకుంటారు. తమాషా ఏమిటంటే, కారులో కెమెరా పెట్టడం కూడా ఆ ప్రసారంలోనే జరిగింది. కానీ దేశానికి తన్నులాట చూపించింది బయటి కెమెరా. ఆ ఇద్దరి కార్లలోనూ కెమెరాలుండి, మేం వాటికే అతుక్కుపోయి ఉంటే, అమెరికా క్రీడా చరిత్రలో ఒక మహత్తర ఘట్టంగా రెండు ఖాళీ సీట్లు చూసి ఉండేవాళ్లం.

2022లో మార్టిన్స్‌విల్ ట్రాక్ మీద రాస్ చాస్టెయిన్ అనే డ్రైవరు చేసిన పనీ అంతే. ఆఖరి మలుపుల్లో కారుని గోడకి ఆనించి, గేరు మార్చి, స్టీరింగ్ దాదాపు వదిలేసి, గోడ వెంట దూసుకుపోయి ఐదు కార్లను దాటేశాడు. చిన్నప్పుడు వీడియో గేములో చేసిన పనట. మిగతావాళ్లంతా పద్ధతిగా బ్రేకు వేస్తుంటే పక్కనుంచి ఒక్కడు మెరుపులా పోవడం, అదీ చూడాల్సిన దృశ్యం. పోల్చడానికి పక్కన నలుగురూ కనబడకపోతే, అదొక మనిషి గట్టిగా ఊగిపోవడం మాత్రమే.

కాబట్టి నా డిమాండు ఒక్కటే. నలభై కెమెరాలు పెట్టిన చేత్తో ఇంకొక్కటి పెట్టండి. అది డైరెక్టరు కుర్చీకి ఎదురుగా ఉండాలి. పిజ్జా ప్రకటన వదిలే బటన్ మీదికి ఆయన వేలు వెళ్లేటప్పుడు మేం ప్రత్యక్షంగా చూసి తిట్టుకుంటాం. ఆలస్యంగా అందినా ఫరవాలేదు, తిట్లకి కాలదోషం లేదు.

పోయిన ఆదివారం రేసు అయిపోయింది. నేను చూస్తున్నవాడు కారు దిగుతున్నాడు, మా బావమరిది చూస్తున్నవాడు నీళ్లు తాగుతున్నాడు, మా అబ్బాయి చూస్తున్నవాడికి ఇంకా రెండు ల్యాపులున్నాయి. గెలిచిందెవరో ముగ్గురిలో ఒక్కరికీ తెలీదు. బయటికొచ్చి పక్కింటాయన్ని అడిగాను. ఆయన గ్యారేజీలో పాత రేడియో పెట్టుకుని విన్నాట్ట. గెలిచినవాడి పేరు చెప్పి, ఆ వ్యాఖ్యాత ఒక్క ముక్కా సరిగ్గా చెప్పలేదని పది నిమిషాలు కడుపారా తిట్టాడు. నేను ఆయన పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుని విన్నాను.