పాత మచ్చపై కొత్త పుండు

చర్మ క్యాన్సర్ తెల్లతోలు వాళ్ల జబ్బు అని మనలో చాలామంది అనుకుంటాం. అందులో సగం నిజముంది. మన చర్మంలోని మెలనిన్ ఎండలోని అతినీలలోహిత కిరణాలను చాలావరకు అడ్డుకుంటుంది. ఆస్ట్రేలియాలో మాదిరిగా మన దగ్గర ఇది ఇంటింటి భయం కాకపోవడానికి కారణం అదే. చిక్కంతా మిగతా సగంతో వస్తోంది.

ఎండ తగలని అరికాల్లో, బొటనవేలి గోరు కింద నల్లమచ్చగానూ ఈ జబ్బు మొదలవుతుంది. ఎప్పుడో కిరోసిన్ స్టవ్ అంటుకుని కాలినచోట ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాత పుండై లేస్తుంది. డాక్టర్లు మార్జోలిన్ అల్సర్ అనేది దీన్నే. ఫ్రెంచి సర్జన్ మార్జోలిన్ ఇలాంటి పుండ్ల గురించి 1828లోనే రాశాడు. మోకాలి వెనక మచ్చ బిగుసుకుపోయి, కాలు చాచినప్పుడల్లా పగిలి, మాని, మళ్లీ పగులుతుంటే అనుమానించాల్సిందే. మన ఇళ్లలో జరిగేది వేరు. ఆయింట్‌మెంట్లు, పసర్లు, ఆర్‌ఎంపీ సూదిమందులతో నెలలు గడిచిపోతాయి. ముక్క తీసి పరీక్షకు పంపుదామంటే ‘కత్తి పెడితే పాకుతుంది’ అంటూ వెనక్కి లాగుతారు. ముక్క తీస్తే పాకదు. తీయకుండా గడిపిన నెలల్లోనే గజ్జల్లో బిళ్లలు కడతాయి.

ప్లాస్టిక్ సర్జరీ అనగానే సినిమావాళ్ల ముక్కులు గుర్తుకు రావడం మరో దురదృష్టం. పుండును చుట్టూ కొంత మంచి చర్మంతో సహా కోసేశాక, ఆ ఖాళీని తొడ నుంచి తీసిన పలుచని చర్మంతో కప్పేది ప్లాస్టిక్ సర్జనే. ఎముక బయటపడితే కండతో సహా తెచ్చి అతకాలి. అసలు కాలిన కొత్తలోనే లోతైన గాయానికి చర్మం అతికిస్తే, ఈ పుండు పుట్టే అవకాశమే బాగా తగ్గుతుంది.

ఎండ సంగతీ ఉంది. పుట్టుకతోనే మెలనిన్ లేని ఆల్బినిజం పిల్లలకు సన్‌స్క్రీన్ అంటే మందు. మనం మాత్రం దాన్ని తెల్లబడే క్రీముల పక్కన పెట్టి అమ్ముతున్నాం! ఆ పిల్లలకు ప్రభుత్వాసుపత్రుల్లో అది ఉచితంగా ఇవ్వాలి. బడిలో ప్రార్థనకు నీడన నిలబడనివ్వాలి, పొడుగు చేతుల చొక్కా, టోపీ వేసుకోనివ్వాలి.

ఆరోగ్యశ్రీ మొదటి నుంచీ కాలిన గాయాలకూ, క్యాన్సర్‌కూ వైద్యం ఇస్తోంది. ఈ రెంటి మధ్య గడిచే ఇరవై, ముప్పై ఏళ్లూ ఆ మచ్చను చూసేవాళ్లుండాలి. ఇంటింటికీ వెళ్లి బీపీ, షుగర్ చూసే ఆశా, ఏఎన్‌ఎంల ఫారంలో ‘ఒంటిమీద పాత కాలిన మచ్చ ఉందా, దాని మీద నెల దాటినా మానని పుండు ఉందా’ అనే ప్రశ్న కూడా చేర్చాలని కోరుతున్నాం.