మామగారి బొటనవేలు

ఊరి నుంచి వచ్చిన అత్తమామలకు టోక్యోలో ఏం చూపించాలన్నది ఇక్కడి నిషి-కసాయి పేటలో ఉండే ప్రతి తెలుగు అల్లుడికీ ఉన్న సమస్యే. టవర్లూ గుళ్ళూ అయిపోయాక మా అత్తగారు, "మనుషులు ఇళ్ళల్లో వాడుకునే సామాన్లు చూపించే చోటేదీ లేదా బాబూ?" అన్నారు. ఉంది. షిబుయాలో ఇనోకాషిరా లైను లోకల్ ఎక్కితే రెండో స్టేషన్ కొమాబా-తోదాయ్‌మే. అక్కడ ఇళ్ళ మధ్య సందులోనే నిహోన్ మింగేకాన్, అంటే జపాన్ జానపద కళల మ్యూజియం. యనాగి సోఎత్సు అనే ఆయన 1936లో పెట్టాడు. గొప్ప పేరున్న కళాకారులకంటే, ఊరూ పేరూ తెలియని కుమ్మరులూ నేతగాళ్ళూ రోజువారీ వాడకానికి చేసిన వాటిలోనే అసలు అందం ఉందని ఆయన వాదన. అలా పోగేసినవి ఇప్పుడు 17 వేల దాకా ఉన్నాయి.

చిక్కంతా గుమ్మంలోనే మొదలైంది. బూట్లు విప్పి, వాళ్ళిచ్చిన స్లిప్పర్లు తొడుక్కోవాలి. జోరీలనీ గెటాలనీ బొటనవేలితో పట్టుకునే చెప్పుల్ని తరతరాలుగా వాడిన ఈ దేశం, ఇంటి లోపలికి మాత్రం పట్టూ విడుపూ లేని ఈ స్లిప్పర్లను ఎందుకు పెట్టుకుందో నాకిప్పటికీ అర్థం కాదు. మామగారి పాదాలు అరవై ఏళ్ళుగా హవాయి చెప్పులకు అలవాటుపడినవి. అడుగడుక్కీ వేళ్ళు ముడిచి, లేని పట్టీ కోసం వెతుక్కుంటూ నడుస్తున్నారు.

పైగా ఆయన రిటైర్డ్ ఆడిటరు. సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం కంటే దాని పక్కనున్న బోర్డును ఎక్కువసేపు చూసిన మనిషి. ఇక్కడేమో నల్ల పలకల మీద ఎర్ర అక్షరాలతో ముక్తసరిగా ఒక ముక్క, అంతే. ముందు కళ్ళారా చూడండి, వివరాలు తర్వాత తెలుసుకోవచ్చు అన్నది యనాగి పద్ధతి అని చెప్పాను.

"వోచరు చూడకుండా ఎట్లా పాస్ చేస్తాం అల్లుడు గారూ?" అన్నారు.

అత్తగారికి ఆ బాధ లేదు. కొరియా నుంచి తెచ్చిన గుండ్రటి తెల్ల జాడీ ముందు ఆగి, "రెండు వందల మాగాయ ముక్కలు హాయిగా పడతాయి" అని తేల్చేశారు. యనాగి బతికుంటే ఆవిణ్ణి ఉద్యోగంలో పెట్టుకునేవాడేమో. మామగారికి నచ్చిందల్లా ఒక్క ఓత్సు బొమ్మే. ఎదో యుగంలో, అంటే పదిహేడు నుంచి పంతొమ్మిదో శతాబ్దం దాకా, టోక్యో-క్యోటోల మధ్య తొకాయిదో బాటన పోయే ప్రయాణికులకు చవగ్గా అమ్మిన చిత్రాలవి. సన్యాసి బట్టలు కట్టుకున్న కొమ్ముల రాక్షసుడు, మెడలో గంట, చేతిలో చందాల పుస్తకం. "మా కాలనీ చవితి కమిటీ ప్రెసిడెంటు!" అని ఆయన గట్టిగా నవ్వేసరికి నలుగురూ తిరిగి చూశారు.

ఆ నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే పెద్ద మెట్లు దిగడం మొదలుపెట్టారు. మూడో మెట్టు దగ్గర ఎడమకాలి స్లిప్పరు ఆయనకంటే ముందు బయల్దేరింది. టప్. టప్. టప్. అంత నిశ్శబ్దంలో ప్రతి మెట్టూ లెక్కకు వచ్చింది. కింద అద్దాల పెట్టె ముందు నిలబడ్డ ముసలావిడ కాళ్ళ దగ్గరికి వెళ్ళి బుద్ధిగా ఆగింది. ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసి, దాన్ని కూడా ఒక క్షణం శ్రద్ధగా చూసింది.

మ్యూజియం అమ్మాయి పరుగులాంటి నడకతో వచ్చి, స్లిప్పరును రెండు చేతులతో ఎత్తి, మెట్లెక్కి, ఆయన పాదం ముందు పెట్టి వంగింది. మామగారు కంగారుపడి తామూ వంగారు. అప్పుడు అందరికీ కనిపించింది. నేవీ బ్లూ సాక్సులోంచి బొటనవేలు మొత్తం బయటికొచ్చి గాలి పీలుస్తోంది.

"కొత్తవి ఆరు జతలు కొని సూట్‌కేసులో పెట్టాను కదండీ!" అత్తగారు పళ్ళబిగువున అన్నారు.

ఇక్కడితో అయిపోయేదే. కానీ తర్వాతి గదిలో ఉత్తర జపాన్‌లోని త్సుగారు ప్రాంతం కోగిన్ కుట్టు బట్టలున్నాయి. ఒకప్పుడు అక్కడి రైతులకు నూలు బట్టలు కట్టే అనుమతి ఉండేది కాదు. వాళ్ళు కట్టే హెంప్ నార గుడ్డ మంచుకు ఆగదు. అందుకని ఆడవాళ్ళు ఆ నేత సందులన్నీ తెల్ల నూలు దారంతో పూడ్చి కుట్టేవాళ్ళు. నీలం గుడ్డ మీద తెల్లటి డైమండ్ ముగ్గులు, ఒక్క పోగు అటూ ఇటూ లేదు. అత్తగారు అద్దానికి ముక్కు ఆనించినంత పని చేశారు. మామగారు మాత్రం ఇక్కడే పుంజుకున్నారు.

"చూశావా? కుట్టుకుని వాడుకున్న గుడ్డకి అద్దాల పెట్టె కట్టారు. నువ్వేమో నా సాక్సు పారేయమంటున్నావు."

"పారేయమనలేదే. కుడతాను."

ఆ రాత్రి కుట్టారు కూడా, తెల్ల దారంతోనే. మర్నాడు ఉయెనో పార్కులో మామగారు కుంటుతున్నారు. దారం ముడి సరిగ్గా బొటనవేలి కింద పెట్టారట. తీసేయమని బతిమాలితే, "ఉండనివ్వండి, జానపద కళ" అన్నారు అత్తగారు.